సిరా లేని గాయం: సోమనాథ్ హోర్ తెల్ల ప్రింట్లలో యుద్ధం ఎక్కడుంది?

క్లుప్తంగా: బెంగాల్ కళాకారుడు సోమనాథ్ హోర్ (1921–2006) 1971లో మొదలుపెట్టిన ‘ఊండ్స్’, అంటే ‘గాయాలు’ అనే ప్రింట్లలో సిరా లేదు, మనిషి లేడు, ఆయుధం లేదు. తెల్ల కాగితంలో గాట్లు, గుంటలు మాత్రమే ఉంటాయి. వీటిని యుద్ధ చిత్రాలని ఎందుకంటారో తెలియాలంటే బొమ్మ కంటే ముందు తయారీని చూడాలి. ఆయుధం ఒంటికి చేసే పనినే ఇక్కడ పనిముట్టు అచ్చుకు చేస్తుంది. ఈ పద్ధతి బలం అందులోనే ఉంది. గాయం చేసింది ఎవరో తెలియకుండా పోవడం దీని బలహీనత.

తెల్ల కాగితంలో ఏముంది

ఈ ప్రింట్ల ఫొటోలు ఫోన్‌లో చూసినవాళ్లకు వచ్చే మొదటి అనుమానం ఒకటే: ఇందులో ఏముంది? తెల్ల కాగితం, దాని మీద అక్కడక్కడా చిన్న నీడలు. పేరేమో గాయాలు. కింద పరిచయంలో కరువు, యుద్ధం, హింస లాంటి పెద్ద మాటలు. మాటలకూ కాగితానికీ పొంతన కుదరదు. కాగితం తడిసి పాడైందేమో అనుకున్నా తప్పుపట్టడానికి లేదు.

చిక్కంతా ఈ ప్రింట్లు ఫొటోకు లొంగకపోవడంలో ఉంది. వెలుతురు ఎదురుగా పడితే గాట్లన్నీ చదునైపోతాయి. అదే కాగితం మీద వెలుతురు పక్కనుంచి పడితే సంగతి వేరు. కత్తి దిగినచోట సన్నటి చీలిక కనిపిస్తుంది. దాని రెండు అంచులూ కొంచెం ఉబ్బి పైకి లేచి ఉంటాయి, తెగిన వెంటనే చర్మం విచ్చుకున్నట్టు. మరోచోట గుచ్చినట్టు ఒక గుంట, దాని చుట్టూ ముడతలు. మిగతా కాగితమంతా కొద్దిగా గరుకుగా, ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ ఏమీ జరగని చోటే ఎక్కువ. గాటు మీదికి చూపు పోయేది అందుకే.

నోటరీ కాగితాల మీద సిరా లేకుండా నొక్కే ఉబ్బెత్తు సీలు ఉంటుంది కదా. దాన్ని కంటితో చదవడం కష్టం, వేలితో తడిమితే వెంటనే తెలుస్తుంది. ఇదీ ఆ జాతిదే. అయితే గ్యాలరీలో వేలు పెట్టనివ్వరు కాబట్టి, తడిమే పని కూడా కళ్లే చేయాలి.

గాటు చేతులు మారే తీరు

ప్రింట్ అనగానే ఈ రోజుల్లో కంప్యూటర్ ప్రింటర్ గుర్తొస్తుంది. కళలో ఆ మాటకు అర్థం వేరు. కళాకారులు తమ చేత్తో అచ్చు తయారుచేసి, దాని మీంచి పరిమితంగా కొన్ని ప్రతులు తీస్తారు. ప్రతి కాగితం అడుగున పెన్సిల్‌తో 3/20 లాంటి అంకె వేస్తారు. ఇరవై ప్రతుల్లో ఇది మూడోదని దానికి అర్థం. ఆ ఇరవైలో ప్రతిదీ అసలుదే, నకలనేది ఉండదు.

పద్ధతులు ప్రధానంగా రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి రబ్బరు స్టాంపు దారి. పెడనలో కలంకారీ అద్దే చెక్క బ్లాకు కూడా ఇదే: అక్కర్లేని చోట చెక్కేస్తారు, ఎత్తుగా మిగిలిన భాగానికి రంగు అంటుకుని గుడ్డ మీద పడుతుంది. ఉడ్‌కట్, లినోకట్ ఈ కోవలోవే. రెండోది దీనికి తిరగేసింది, ఎచింగ్. రాగి లేదా జింకు ప్లేటు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. పూత లేచిన చోటల్లా యాసిడ్ లోహాన్ని తినేస్తుంది. ఎంతసేపు తింటే గీత అంత లోతు, ముద్రలో అంత నలుపు. ఆ లోతుల్లోకి సిరా పట్టించి, పైపై సిరా తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా నొక్కితే, కాగితం గీతల్లోకి దిగి సిరాను పైకి లాక్కుంటుంది. కోయడం, గీయడం, యాసిడ్ పట్టించడం, నొక్కడం. ఈ కళలో మొదటినుంచీ ఉన్న క్రియలన్నీ కాస్త కరుకైనవే.

హోర్ ఈ పద్ధతులన్నీ వాడినవారే. 1940ల్లో చెక్క మీద చెక్కారు, 1960ల్లో రంగుల ఎచింగులు వేసి జాతీయ అవార్డులు అందుకున్నారు. ‘గాయాలు’ దగ్గరికి వచ్చేసరికి సిరాను, లోహపు ప్లేటును వదిలేశారు. మట్టి పలకో మైనపు పలకో పరిచి దాన్ని కత్తితో కోశారు, గుచ్చారు, వేడితో కాల్చారు. ఆ పలక మీద సిమెంటు పోసి అచ్చు తీశారు. ఆ సిమెంటు అచ్చులోకి కాగితపు గుజ్జు నొక్కి, ఆరాక ఊడదీశారు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో చాటలు అలకడం మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు తెలిసిన పనే. ఆ గుజ్జు ఆరి గట్టిపడినప్పుడు కింద ఉన్న అల్లిక గీత ప్రతిదీ దాని వెనక దిగి ఉంటుంది. హోర్ ప్రింటులో గుజ్జు చేసే పని అదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మట్టిలో గుంట సిమెంటులో బొడిపె అవుతుంది. సిమెంటులో బొడిపె కాగితంలో మళ్లీ గుంట అవుతుంది. ఎడమ కుడి అవడం, కుడి మళ్లీ ఎడమ అవడం కూడా అంతే. మామూలు ప్రింట్ అచ్చుకు అద్దంలో నీడ లాంటిది. ఇది మాత్రం రెండుసార్లు తిరగబడి మొదటికే వస్తుంది. మట్టి మీద కత్తి ఎటునుంచి ఎటు లాగబడిందో, ఎక్కడ గట్టిగా దిగి ఎక్కడ తేలిందో, కాగితంలో అలాగే ఉంటుంది. ఎర్ర రంగు పూసి గాయం అనిపించడం ఒక పద్ధతి. ఇక్కడ రంగూ లేదు, గీతా లేదు. కాగితానికే దెబ్బ తగిలింది.

కాగితం అక్కడ ఒళ్లు అవుతుంది, కత్తి కత్తిగానే ఉంటుంది. యుద్ధానికీ ఈ ప్రింటుకీ ఉన్న అసలు సంబంధం ఇదే.

సిరాతో ఎంత దూరం పోవచ్చో చూపించినవారు మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి (1925–2018). 1940ల్లో శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ‘అటెలియర్ 17’ వర్క్‌షాపులో, సిరాల్లో నూనె పాళ్లు మార్చి ఒకే ప్లేటు మీంచి ఒకేసారి పలు రంగులు తీసే విస్కాసిటీ పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఒకరు. పారిస్ విద్యార్థుల ఉద్యమం మీద 1968లో ఆయన వేసిన ‘డెమాన్‌స్ట్రేటర్స్’ ఆ పద్ధతిలోనే వచ్చింది. ఒక తెలుగు కళాకారుడు రంగుల్ని ఒక కొసకు తీసుకెళ్తే, ఒక బెంగాలీ రంగు అనేదే లేని రెండో కొసకు చేరాడు. ఇద్దరికీ శాంతినికేతన్‌తో సంబంధం ఉండటం ఆసక్తికరం: ఒకరికి చదువుకున్న చోటు, మరొకరికి 1960ల చివరినుంచి పాఠం చెప్పిన చోటు.

చిట్టగాంగ్ నుంచి 1971 దాకా

హోర్ పుట్టింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతంలో. 1942లో జపాన్ విమానాలు అక్కడ బాంబులు వేశాయి. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా వేశాయి కాబట్టి తెలుగు తీరానికి ఆ భయం కొత్త కాదు. బాంబులు పడ్డ చోట చూసిన శవాలు ఇరవై ఏళ్లు దాటిన ఆ కుర్రాడి చేతికి పెన్సిల్ ఇచ్చాయి. మరుసటి ఏడాది బెంగాల్ కరువు. చనిపోయినవాళ్లు 20 నుంచి 30 లక్షల మంది ఉంటారని అంచనాలు. కమ్యూనిస్టు పార్టీకి తెలుగులో ప్రజాశక్తి ఉన్నట్టే బెంగాలీలో ‘జనయుద్ధ’ ఉండేది. దానికోసం హోర్ ఊరూరూ తిరిగి ఆకలి బొమ్మలు గీశారు. దారి చూపింది అదే చిట్టగాంగ్‌లో పనిచేసిన చిత్రకారుడు చిత్తప్రసాద్.

1946లో బెంగాల్ కౌలు రైతుల తెభాగా ఉద్యమం. పంటలో సగం కాదు, మూడింట రెండు వంతులు మాకే ఉండాలన్నది వాళ్ల డిమాండు. మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాటం మొదలైందీ ఆ ఏడాదే. హోర్ తెభాగా రైతుల దగ్గరికి వెళ్లి డైరీ రాస్తూ, బొమ్మలు వేస్తూ ఉన్నారు. ఈ దశ బొమ్మల్లో మనుషులు స్పష్టంగా ఉంటారు: ఎముకలు తేలిన డొక్కలు, గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటున్న రైతులు, లాంతరు వెలుగు.

మరి పాతికేళ్ల తర్వాత మనిషి ఎందుకు మాయమయ్యాడు? కాలాన్ని చూస్తే కొంత జవాబు దొరుకుతుంది. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం దాడి మొదలుపెట్టింది. డిసెంబరు 16న యుద్ధం ముగిసేలోపు దాదాపు కోటి మంది శరణార్థులు భారత్‌లోకి వచ్చారు. హోర్ పుట్టిన ఊరు ఆ యుద్ధం మధ్యలో ఉంది. ఇటు కలకత్తా వీధుల్లో నక్సలైట్ల దాడులు, పార్టీల మధ్య హత్యలు, పోలీసు కాల్పులు. శ్రీకాకుళంలో అప్పటికే ఒక విడత రక్తపాతం జరిగిపోయింది. వియత్నాంలో ఒంటిని కాల్చేసే నాపామ్ బాంబులు ఆగలేదు. 1943లో ఒక్క ఆకలి. 1971లో ఏ దిక్కు చూసినా ఏదో ఒకటి. ఏ మనిషిని గీయాలి, ఎవరి చావును ఎంచుకోవాలి అన్నదే సమస్య అయిన సమయం.

హోర్ తన వివరణలో పెద్ద సిద్ధాంతాలేమీ చెప్పలేదు. లారీ టైరు కింద నలిగి గుంటపడ్డ రోడ్డు, గాట్లు పడ్డ చెట్టు, కారణం లేకుండా కత్తిపోటు తిన్న మనిషి... ఇవన్నీ తనకు ఒకే రకంగా కనిపించాయని, క్రమంగా వస్తువు పోయి గాయం ఒక్కటే మిగిలిందని ఆయన మాటల సారం. జాబితాలో మనిషి కంటే ముందు రోడ్డు, చెట్టు ఉండటం గమనించాలి. యుద్ధం అనేది సరిహద్దులో జరిగే ప్రత్యేక ఘటన కాదని, రోజువారీ దౌర్జన్యానికి అది కొనసాగింపేనని ఈ వరస చెప్తుంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈ ప్రింట్ల వెనక ఉన్న ఆలోచన అది.

గోయా తుపాకులు, కోల్విట్జ్ తల్లులు

యుద్ధం మీద ప్రింట్లు వేయడం పాత అలవాటే. ఎవరు ఆయుధాన్ని ఎక్కడ పెట్టారో చూస్తే హోర్ చేసిన పని ఇంకా తేటపడుతుంది.

స్పెయిన్ మీదికి నెపోలియన్ సేనలు వచ్చినప్పటి ఘోరాలను ఫ్రాన్సిస్కో గోయా 1810–20 మధ్య ఎచింగులుగా వేశారు. ‘యుద్ధ విపత్తులు’ పేరుతో అవి అచ్చయ్యేసరికి 1863 వచ్చింది. గోయా పోయి అప్పటికి 35 ఏళ్లు. అందులో 15వ ప్లేటులో ఒక మనిషిని స్తంభానికి కట్టి కళ్లకు గంతలు కట్టారు. కుడి అంచు నుంచి తుపాకీ గొట్టాలు మాత్రం లోపలికి చొచ్చుకొచ్చి ఉంటాయి. వాటిని పట్టుకున్న చేతులు బొమ్మ బయటే ఉండిపోయాయి. రెండు వందల ఏళ్ల క్రితమే, కాల్చేవాడిని ఫ్రేములోంచి తప్పించి ఆయుధాన్ని మిగల్చడం అనే ఎత్తుగడ ఇది.

జర్మనీలో ఒట్టో డిక్స్ మొదటి ప్రపంచయుద్ధంలో మెషిన్‌గన్ నడిపిన సైనికుడు. 1924లో ‘యుద్ధం’ పేరుతో 50 ప్రింట్లు తెచ్చారు. యాసిడ్‌ను అదుపు తప్పనిచ్చి ప్లేటును పుళ్లు పడేదాకా తిననిస్తే, కాగితం మీద కుళ్లిన శవం దానంతటదే వచ్చేది. పదార్థంతోనే విషయం చెప్పించడంలో హోర్‌కు అందరికన్నా దగ్గరివాడు డిక్సే. ఆ దేశానికే చెందిన కేథే కోల్విట్జ్ కొడుకు 1914 అక్టోబరులో, పద్దెనిమిదేళ్ల వయసులో యుద్ధంలో చనిపోయాడు. ఆమె 1920ల ఆరంభంలో చెక్కిన ఏడు ఉడ్‌కట్లలో యుద్ధభూమి ఎక్కడా లేదు. తల్లులు, తండ్రులు, విధవలు ఉంటారు. అక్కడ బాంబు పడేది ఇంట్లో.

అమెరికాలో ఆండీ వార్హోల్ దారి దీనికి పూర్తి వ్యతిరేకం. 1968లో ఆయన మీద కాల్పులు జరిగాయి, చావు తప్పింది. 1981–82లో సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో, అంటే జాలీ గుడ్డలోంచి రంగు దించే పద్ధతిలో, పిస్తోళ్లను తన పాత సూప్ డబ్బాల బొమ్మల్లాగే పెద్దగా, చల్లగా, సరుకులా ముద్రించారు. ఆయుధం ఉంటుంది, గాయం ఉండదు. హోర్ దగ్గర గాయం ఉంటుంది, ఆయుధం ఉండదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి జవాబులా ఉంటాయి.

అలీగఢ్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ జరీనా (1937–2020) ఇంకో మెట్టు ఎక్కారు. 2003లో ఆమె వేసిన ఉడ్‌కట్ల వరసలో గ్రోజ్నీ, సరయేవో, బాగ్దాద్, కాబూల్, అహ్మదాబాద్ లాంటి దెబ్బతిన్న నగరాలు నల్లటి మ్యాపుల్లా, పైనుంచి చూసినట్టు కనిపిస్తాయి. బాంబు వేసే విమానానికి ఊరు అలాగే కనిపిస్తుంది. ‘గాయాలు’ చర్మానికి అంగుళం దూరంలో ఉంటే, జరీనా మ్యాపులు ఆకాశంలో ఉన్నాయి. రెండింటిలోనూ మనిషి ముఖం లేదు.

వేలెత్తి చూపని బొమ్మ

ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. గోయా బొమ్మల్లో సైనికుల దుస్తులు చూసి వాళ్లెవరో చెప్పవచ్చు. చిత్తప్రసాద్ కరువు బొమ్మల్లో ఊరి పేరు, మనిషి పేరు ఉండేవి. అందుకే 1943లో ఆయన ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. ‘గాయాలు’ ప్రింటును ఏ ప్రభుత్వమూ నిషేధించదు. అందులో నిషేధించడానికి ఏముంది? తెల్ల కాగితం, గాటు. అది ఢాకాలో పడిందో, కలకత్తాలో పడిందో, వియత్నాంలో పడిందో చెప్పదు. దెబ్బ కొట్టినవాడు కూడా దీన్ని ఫ్రేము కట్టించి డ్రాయింగ్ రూములో పెట్టుకోగలడు, తెల్ల గోడకు బాగా నప్పుతుంది కూడా.

అభ్యంతరంలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయడం కుదరదు. సాక్ష్యంగా చూస్తే 1943 నాటి బొమ్మలే బలమైనవి. కోర్టులో నిలబడగలిగేవి అవే. అయితే సాక్ష్యానికి ఒక ఆయుష్షు ఉంటుంది. పేరు తెలిసిన దుర్మార్గం పేపర్లో రోజూ వస్తుంటే, ఒక దశ దాటాక కళ్లు దాని మీంచి జారిపోతాయి. డ్రోన్ వీడియోలు, కూలిన ఆస్పత్రుల ఫొటోలు ఇప్పుడు ఫోన్‌లో క్రికెట్ స్కోరుకూ వంటల వీడియోకూ మధ్య వచ్చిపోతున్నాయి. వేగంగా చూడటానికి అలవాటుపడ్డ కంటికి హోర్ ప్రింటు ఏమీ ఇవ్వదు. ఆగి, పక్కకు జరిగి, వెలుతురు చూసుకుంటేగానీ అందులో ఏదీ కనిపించదు. సమాచారం పోగొట్టుకుని ఆ ప్రింటు సంపాదించుకున్నది ఆ కాస్త సమయమే. బేరం లాభమా నష్టమా అన్నది చూసేవాళ్లు ప్రింటు నుంచి ఏం కోరుకుంటున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. వార్త కావాలంటే మాత్రం ఇది తప్పు చోటు.

ఇంకో చిన్న విషయం. గాయం ఎవరిదో చెప్పకపోవడం వల్ల బాధితులను పక్షాలుగా విడగొట్టడం కూడా కుదరదు. 1971 లాంటి ఏడాదిలో అది తప్పించుకోవడం అనిపించవచ్చు, నిజాయితీ అనీ అనిపించవచ్చు. హోర్ పార్టీ రాజకీయాల నుంచి అప్పటికే దూరం జరిగిన మనిషి అన్నది గుర్తుపెట్టుకుంటే రెండోదే ఎక్కువ సబబు.

ప్రతులు మిగిలాయి, కంచు పోయింది

కాగితపు గుజ్జులో నేర్చుకున్నది హోర్ 1974 నుంచి కంచు బొమ్మల్లోకి తీసుకెళ్లారు. మైనపు రేకుల్ని కోసి, మడిచి, చిల్లులు పొడిచి, మనుషుల్లా జోడించి పోత పోసేవారు. ఆ కంచు బొమ్మల ఒళ్లంతా అవే గాట్లు. ప్రింట్లలో మాయమైన మనిషి ఇక్కడ తిరిగొచ్చాడు, కాకపోతే గాయాల పోగులా వచ్చాడు.

ప్రింటుకూ కంచుకూ ఉన్న తేడా 1977లో తెలిసొచ్చింది. వియత్నాం ప్రజలకు నివాళిగా ఆయన చేసిన పెద్ద కంచు శిల్పం, బిడ్డను పట్టుకున్న తల్లి, పూర్తయిన కొద్దికాలానికే శాంతినికేతన్‌లోని కళల విభాగం కళాభవన నుంచి దొంగతనానికి గురైంది. రెండోది లేదు. ప్రింటుకు ఆ బెంగ తక్కువ: ఒక ప్రతి పోయినా తోటి ప్రతులు మరో గోడ మీద ఉంటాయి. చిట్టగాంగ్ కుర్రాడు పార్టీ పత్రికకు బొమ్మలు వేసే రోజుల్లో ప్రింట్ మీద మోజుపడటానికి కారణమూ అదే, ఒక్క చెక్క చెక్కితే ఎంతోమందికి చేరుతుందని. ‘గాయాలు’ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తలకిందులైంది. చేత్తో గుజ్జు నొక్కి తీసే ప్రతులు తక్కువే వస్తాయి. జనం చేతికి చేరాల్సిన కళ మ్యూజియంలకు, సేకర్తలకు చేరింది.

ఇంట్లో ఇలాంటి ప్రింటు ఉన్నవాళ్లకు, కొనాలనుకునేవాళ్లకు కూడా పద్ధతి తెలియడం పనికొస్తుంది. గుజ్జు కాగితం తేమను పీలుస్తుంది, కాబట్టి వానాకాలపు గోడ దీనికి శత్రువు. అద్దం కాగితానికి తగిలేలా ఫ్రేము కడితే ఉబ్బిన అంచులు నలిగిపోతాయి. అసలుదా కాదా అన్నది ఎదుటినుంచి తీసిన ఒక్క ఫొటో చూసి తేల్చడం అసాధ్యం. పక్క వెలుతురులో తీసిన ఫొటో, కాగితం వెనకవైపు ఫొటో అడగాలి.

2007లో, హోర్ చనిపోయిన మరుసటి ఏడాది, ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. వియత్నాం తల్లి కంచు శిల్పం మాత్రం దొరకలేదు.